అద్దము కోయు చేతులు

హస్తకళా ప్రదర్శనములలో అద్దముల పని చేసిన వస్త్రమును చూచి మెచ్చుకొననివారు అరుదు. కుట్టు ఎంత సన్నముగా నున్నది, రంగుల పొందిక ఎంత నిండుగా నున్నది, దీనికెన్ని దినములు పట్టియుండును అని అడుగుదురు. సూది పట్టిన స్త్రీ పేరును, ఆమె ఊరును తెలిసికొనగోరువారు కూడ నేడు కొందరున్నారు. ఇది సంతోషింపదగిన మార్పే. కాని ఆ వస్త్రముపై మొట్టమొదట కంటికి తగులునది దారము నడుమ మెరయు అద్దపు బిళ్ల. దానిని ఎవరు కోసిరని అడిగినవారిని వెదకి పట్టుకొనవలసియుండును. అద్దము అంగడి సరకనియు, కుట్టు మాత్రమే కళ యనియు లోకములో ఒక అభిప్రాయము స్థిరపడిపోయినది. ఆ అభిప్రాయము సరియైనది కాదు. పలుచని అద్దమును చేతితో కోయుట కూడ ఒక విద్య. ఆ విద్యకు పేరు లేకపోయినందున ధర లేకపోయినది. ధర లేనందున అది నానాటికి చేయి జారిపోవుచున్నది.

ఆ అద్దము గోడకు తగిలించు నిలువుటద్దము వంటిది కాదు. గుజరాతు రాష్ట్రమున ఖేడా జిల్లాలో కపడ్వంజ్ అను పట్టణము కలదు. కచ్ఛ, సౌరాష్ట్ర ప్రాంతములవారు తమ కుట్టుపనిలో వాడు చిన్న అద్దములను 'ఆభలా' అని పిలుచుదురు. అట్టి అద్దములకు కపడ్వంజ్ తరతరములుగా పేరు పొందినది. అక్కడి పాత పద్ధతి ఇట్టిది. కొలిమిలో కరగిన గాజును ఇనుప గొట్టపు కొనకు తీసికొని, పనివాడు నోటితో ఊది బుడగ చేయును. బుడగ పెరిగిన కొలది దాని గోడ పలుచనగును. సీసము ప్రధానముగా గల కరగిన లోహమును ఆ బుడగలో పోసి, అన్ని వైపులకు పారునట్లు త్రిప్పి, మిగిలినదానిని వెలుపలికి ఒంపివేయుదురు. లోపలి గోడకు అంటుకొన్న సన్నని లోహపు పొరయే అద్దమునకు రసపు పూత యగును. చల్లారిన పిదప బుడగను పగులగొట్టి పెంకులు చేయుదురు. ప్రతి పెంకును కోడిగ్రుడ్డు పెంకువలె పలుచనగా, కొంచెము వంపు తిరిగి యుండును.

ఐరోపా ఖండమున మధ్యయుగములో ఇట్టి అద్దములనే చేసెడివారు. పిదప అక్కడ ఆ పద్ధతి మరుగుపడినది. డెన్మార్కు పరిశోధకులైన యాన్ కోక్, టోర్బెన్ సోడె అనువారు దక్షిణ స్కాండినేవియా ప్రాంతమున దొరకిన మధ్యయుగపు అద్దములను పరిశీలించి, వాని తయారీ ఎట్లు జరిగియుండునో తెలిసికొనుటకు భారతదేశమున అప్పటికిని సాగుచున్న ఈ పనినే ఆధారముగా గైకొని 2002లో ఒక వ్యాసము ప్రచురించిరి. త్రవ్వకములలో దొరకిన గాజుముక్కకు అర్థము చెప్పగలిగినది గుజరాతు పనివారి బ్రదికియున్న అనుభవమన్నమాట. పండితులకు పాఠము చెప్పగల ఈ పనివారి పేరు వారి వస్తువును కొనువారికి తెలియకుండుట వింతగదా!

పెంకు చేతికి వచ్చిన పిదప కష్టమైన ఘట్టము ఆరంభమగును. గాజునకొక స్వభావము కలదు. అది బట్టవలె తెగదు, కట్టెవలె చీలదు, లోహమువలె వంగదు. దానిని కోయుట యనగా పగులును అనుకొన్నచోటికి నడిపించుటయే. మందపు పలకనైనచో వజ్రపు మొనతో గాని, ఉక్కు చక్రముతో గాని గీత గీసి, ఆ గీత వెంబడి విరువవచ్చును. ఇంత పలుచని, వంపు తిరిగిన ముక్కపై ఆ ఉపాయము అంత సులభముగా సాగదు. ఒత్తిడి ఒక్క వెంట్రుకవాసి ఎక్కువైనను పగులు అడ్డదిడ్డముగా పరుగెత్తును. అందుచేత ఈ పని చేయు స్త్రీలు దీనికొరకు ప్రత్యేకముగా అమర్చుకొన్న కత్తెర పట్టుదురు. దానిని మాటిమాటికి నీటిలో ముంచుచుందురు. తడి యున్నచో అంచు పెళ్లలుగా లేవదు. నీరు పగులు కొనలో చేరి, గాజులోని కణముల పట్టును సడలించి, పగులు మెల్లగా సాగునట్లు చేయునని నేటి పదార్థ శాస్త్రము చెప్పుచున్నది. శాస్త్రము కారణము చెప్పుటకు ఎంతో ముందే ఆ చేతులు కార్యము నెరిగియుండెను.

ఒక్క కోతతో వృత్తము రాదు. ఒక చేత ముక్కను త్రిప్పుచు, రెండవ చేత అంచును కొంచెము కొంచెముగా తీసివేయుచు పోవలెను. ఎక్కువ తీసినచో బిళ్ల చిన్నదగును, తక్కువ తీసినచో మూలలు మిగులును, తొందరపడినచో ముక్కయే పోవును. పోయిన ముక్కతో పాటు దానిని ఊదినవాని శ్రమయు, కొలిమికి వేసిన వంటచెరకును పోవును. ఈ పనిలో కొలబద్ద లేదు, గీసిపెట్టిన గుర్తు లేదు. వ్రేళ్లకు తెలిసినదే కొలత.

ఇంత శ్రమ పడి కోసినదానికిని, యంత్రము కోసినదానికిని భేదమేమని కొందరడుగవచ్చును. భేదము కంటికి కనబడునదే. ముంజేతి కంకణమునకు అద్దమేల? చదునైన బిళ్లలు పదింటిని ఒకే బట్టపై కుట్టినచో, వెలుగు ఒక దిక్కునుండి పడినప్పుడు అన్నియు ఒక్కసారి తళుక్కుమని, మరుక్షణమున అన్నియు ఒక్కసారి ఆరిపోవును. వంపు తిరిగిన బిళ్ల అట్లు కాదు. అది నలుదెసల వెలుగును కొంచెము కొంచెముగా పట్టి, ఏ వైపునుండి చూచినను ఒక చుక్క మెరుపును కంటికి పంపును. ధరించిన స్త్రీ నడచునప్పుడు ఆ చుక్కలు ఒకదాని తరువాత ఒకటి కదలును. జయపురమునకు సమీపమున అంబరు కోటలో 17వ శతాబ్దిలో మీర్జా రాజా జయసింహుని కాలమున నిర్మించిన అద్దాల మహలును చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మందిరపు గోడలలో పొదిగినవి ఇట్టి ఉబ్బెత్తు అద్దపు ముక్కలే. ఒక్క దీపము వెలిగించినచో కప్పంతయు నక్షత్రములు పొడిచినట్లు కనబడుట ఆ వంపు చేసిన మాయ.

అందము మాట అటుంచి, వస్త్రపు ఆయువు కూడ ఈ కోతపై ఆధారపడియున్నది. ఈ అద్దమునకు రంధ్రముండదు. బిళ్లపై దారమును అడ్డముగా, నిలువుగా వేసి ఒక చట్రము కట్టి, ఆ చట్రమును అంచులవైపునకు లాగుచు చుట్టును కుట్టుదురు. అనగా బిళ్లను నిలుపునది ఆ దారమే. ఆ దారము రేయింబవళ్లు ఆనియుండునది అద్దపు అంచునకే. అంచు మొరటుగా నున్నచో అది కొలదికాలమునకే దారమును కోసివేయును. బిళ్ల బరువైనచో బట్ట సాగిపోవును. ఎంత నేర్పుగల సూదియైనను చెడ్డ కోతను దిద్దజాలదు. కుట్టు కళ యని ఒప్పుకొన్నవారు, ఆ కుట్టు నిలుచుటకు ఆధారమైన అంచును కళ కాదనుట ఎట్లు పొసగును?

ఈ ప్రశ్న తెలుగువారికి పరాయిది కాదు. ఒకనాడు ఎద్దులపై ఉప్పు, ధాన్యము మోసికొని దేశమంతట వర్తకము చేసిన లంబాడీలు తెలుగునేలపై తండాలు కట్టుకొని తరములు గడచినవి. వారి స్త్రీల ఫేటియాలును, కాంచళులును అద్దములతో నిండియుండుట ఎల్లరును ఎరిగినదే. ఆ కుట్టు తల్లి కూతురునకు నేర్పినది. అద్దములు మాత్రము తండాలో పుట్టినవి కావు, సంతలో కొన్నవి. తండాలోని సూదికిని, ఎక్కడనో కత్తెర పట్టిన చేతికిని నడుమ వర్తకుడున్నాడు. ఆ ఇద్దరు స్త్రీలును ఒకరినొకరు ఎరుగరు. నేడు పెక్కు తండాలలో ఆ ఉడుపు పెండ్లిండ్లకును, పండుగలకును మాత్రమే పెట్టెనుండి బయటికి వచ్చుచున్నది. క్రొత్తగా కుట్టిన వానిలో యంత్రము కోసిన మందపు బిళ్లలును, ప్లాస్టిక్ బిళ్లలును చేరినవి.

ఇందుకు తండా స్త్రీని తప్పుపట్టుట అన్యాయము. ప్లాస్టిక్ బిళ్ల చౌక, తేలిక, ఉతికినను పగులదు. తన ఉడుపులో ఏమి కుట్టుకొనవలెనో నిర్ణయించుకొను హక్కు ఆమెది. పూర్వాచారమును కాపాడు భారమంతయు పేదవారి వీపుపై వేసి, పట్టణములలో కూర్చుండి విచారించుట పెద్దమనుష్యుల లక్షణము కాదు. తప్పు వేరొకచోట నున్నది. చేతిపని యన్న పేరుతో వేల రూపాయల వెలకు అమ్ముడుపోవు దుస్తులలో యంత్రపు బిళ్లలు కుట్టి, కొనువానికి ఆ మాట చెప్పని వర్తకమున నున్నది. అడుగక కొను కొనుగోలుదారుని అలసత్వమున నున్నది.

కుట్టునకు ఇటీవల కొంత గౌరవము లభించినది. కర్ణాటకమున బళ్లారి జిల్లాలోని సండూరు లంబాడీ కుట్టునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2023 జూలైలో హంపిలో జి-20 దేశముల సంస్కృతి సమావేశము జరిగినప్పుడు, 450కి పైగా లంబాడీ స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ పుస్తకమునకు ఎక్కించిరి. ఆ గౌరవము వారికి న్యాయముగా చెందవలసినదే. ఆలస్యముగా వచ్చినదనుట కూడ సత్యమే. కాని సూది పట్టినవారికి ఈపాటి గుర్తింపు రాగా, కత్తెర పట్టినవారి ఊసెత్తినవారు లేరు.

ఇక్కడ రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. యంత్రము వచ్చిన పిదప చేతిపనిని పట్టుకొని వ్రేలాడుట వెనుకబాటు గదా యనునది మొదటిది. యంత్రము మేలు చేయలేదని ఎవరును అనజాలరు. కరగిన తగరముపై గాజును తేల్చి చదునైన పలకలు తీయు విధానమును 1959లో ఇంగ్లండులోని పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించినది. ఆ విధానము వలననే నేడు మంచి అద్దము పేదవాని ఇంటి గోడకు కూడ వచ్చినది. ముఖము చూచుకొనుటకు చదునైన అద్దమే కావలెను. అయితే బట్టపై కుట్టు అద్దము ముఖము చూచుకొనుటకు గాదు. దాని పని వెలుగును చిలుకుట. ఒక పనికి తగిన వస్తువును తెచ్చి వేరొక పనికి పెట్టి, చౌకగా వచ్చినదని సంతోషించుట అభివృద్ధి యనిపించుకొనదు.

రెండవ ఆక్షేపణము ఇంతకంటె బరువైనది. ఈ పనిలో సీసపు ఆవిరి కలదు, వ్రేళ్లను కోయు అంచులు కలవు, కన్నులలో పడు గాజు నలుసులు కలవు. ఇట్టి పని అంతరించిపోవుటయే మేలు గదా యని దయగలవారు అడుగుదురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. గాయపడిన వ్రేలిని చూపి, ఇది కళకొరకు చేసిన త్యాగమని కవిత్వము చెప్పుట పాపము. కాని విషము వేరు, విద్య వేరు. ఐరోపాలో చిరకాలము అద్దములకు తగరమును, పాదరసమును పూసెడివారు. ఆ పాదరసము ఎందరో పనివారి ఆరోగ్యమును హరించినది. 1835లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ గాజుపై వెండి పూతను దించు మార్గము కనుగొనెను. క్రమక్రమముగా పాదరసము తొలగినది. అద్దములు చేయుట ఆగలేదు. అదే విధముగా సీసమునకు మారుగా మరొక పూతను తెచ్చుట, పొగ బయటికి పోవు మార్గము కల్పించుట, కన్నులకు రక్షణ నిచ్చుట సాధ్యము కాని పనులు కావు. అవి జరుగకపోవుటకు కారణము విద్యలో లేదు. ఆ పనివారి క్షేమముకొరకు వ్యయము చేయువారు లేకపోవుటలో నున్నది. దయ చూపదలచినవారు పనిని చంపనక్కరలేదు, ప్రమాదమును చంపవలెను.

ఇట్టి చేతులకు గౌరవమిచ్చిన ఉదాహరణము లోకములో లేకపోలేదు. ఇరాను దేశమున మసీదులను, సమాధి మందిరములను, రాజభవనములను చిన్న చిన్న అద్దపు ముక్కలతో అలంకరించు సంప్రదాయమొకటి శతాబ్దుల నుండి సాగుచున్నది. దానిని 'ఆయినా కారీ' యందురు. అక్కడ అద్దము కోసి పొదుగు నేర్పరిని 'ఉస్తాదు' అని పిలుచుదురు. 1922లో పుట్టి 2019లో మరణించిన మునీర్ షారూదీ ఫర్మన్‌ఫర్మయాన్ అను చిత్రకారిణి, షీరాజ్ నగరములోని షాహ్ చిరాగ్ మందిరపు అద్దముల పనిచే ముగ్ధురాలై, ఆ విద్యను ఆధునిక కళలోనికి తెచ్చెను. ఆమె రచనలు 2015లో న్యూయార్కులోని గుగ్గెన్‌హైమ్ ప్రదర్శనశాలకు ఎక్కినవి; 2017లో టెహరానులో ఆమె పేర ఒక ప్రదర్శనశాలయే వెలసినది. గమనింపదగినది మరొకటి కలదు. ఆమెతో కలసి పనిచేసిన హాజీ ఉస్తాద్ మొహమ్మద్ నవీద్ అను నేర్పరి పేరు కూడ ఆమె పేరుతో పాటు గ్రంథములకు ఎక్కినది. చిత్రకారిణి ప్రతిభ అందువలన వెంట్రుకవాసియైనను తగ్గలేదు. మరియొకని చేయి పేరు చెప్పుటవలన తన చేయి చిన్నబోదని ఆమె చరిత్ర నిరూపించుచున్నది.

మన దేశమున ఈ గౌరవమునకు కావలసిన ఏర్పాటులు లేవని చెప్పుటకు వీలులేదు. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడినది. 1965 నుండి ఉత్తమ హస్తకళాకారులకు జాతీయ బహుమానములిచ్చుచున్నారు. 2023 సెప్టెంబరు 17న ఆరంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులను పేర్కొనిరి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి మొదలుకొని దర్జీ, పూలమాలలు కట్టువారు, వలలు అల్లువారు వరకు అందున్నారు. ఎంతో కాలముగా ఎవరును పట్టించుకొనని వృత్తులకు అందు చోటు దొరకుట మెచ్చదగినదే. ఆ 18లో అద్దము కోయువారు మాత్రము లేరు. గాజు ఊదువారును లేరు. జాబితాలో పేరు లేనివారికి శిక్షణము లేదు, పనిముట్లకు సాయము లేదు, అప్పు లేదు. వారు చేయునది వృత్తి యని ప్రభుత్వ కాగితమునకు తెలియనే తెలియదు.

చేయవలసిన పనులు పెద్దవి కావు. చేతితో కోసిన అద్దమునకును, యంత్రపు బిళ్లకును, ప్లాస్టిక్ బిళ్లకును గల భేదమును అమ్మువారు వస్త్రముపైననే వ్రాయవలెను. ఏది కొనవలెనో పిదప కొనువారి ఇష్టము. ప్రదర్శనములలో కుట్టినవారి పేరుతో పాటు అద్దము కోసిన ఊరి పేరైనను తెలుపవలెను. వృత్తుల జాబితాలో ఈ పనిని చేర్చి, కన్నుల రక్షణకును, మంచి కత్తెరలకును, సీసము లేని పూతకును సాయము చేయవలెను. అన్నిటికంటె ముఖ్యము కూలి. ముక్కల లెక్కన కొలిచి కూలి ఇచ్చు చోట పనిచేయు చేయి తొందరపడును. తొందరపడిన చేతికే గాయమగును, తొందరపడిన కోతయే దారమును తెంపును. మంచి అంచునకు మంచి వెల యిచ్చినచో చేతికిని, బట్టకును కూడ క్షేమము.

ఈ మాత్రము చేయనిచో ఈ విద్య ఒక్క దినమున ఆర్భాటముగా అంతరింపదు. కోయునది కూతురునకు నేర్పక మానుకొనును. ఇందు తిండి లేదు, మరొక పని చూచుకొమ్మనును. ఆ తల్లి మాటలో తప్పు లేదు. అటుపిమ్మట సూదులుండును, దారములుండును, ప్రదర్శనములుండును, బహుమానములు కూడ ఉండును. వస్త్రము చూపునకు అట్లే కనబడును. కదలినప్పుడు మాత్రము అన్ని బిళ్లలును ఒక్కసారి మెరసి, ఒక్కసారి ఆరిపోవుచుండును. కారణము చెప్పగలవారు అప్పటికి మిగిలియుండరు. అద్దము తన ఎదుట నిలిచినవారినందరిని చూపును గాని, తనను కోసినవారిని చూపజాలదు. ఆ లోటు తీర్చవలసినవారు దానిని కొనువారును, అమ్మువారును, పాలించువారును.